ఏడో తరగతి గదికి తాళం

జగ్గయ్యపేట, 2003 జూలై
బుధవారం రాత్రి

ఈరోజు ఒళ్లూ మనసూ రెండూ అలిసిపోయాయి. మా పాత బడిని కూల్చాలా, బాగుచేయాలా తేల్చడానికి నందిగామ నుంచి ఇంజినీరు వచ్చాడు. ఏడో తరగతి గదిలో చాలాసేపు గోడలు తట్టి చూశాడు.

"సున్నం గోడలండి మేడం, వీటికేం కాదు. పైన దూలాలే పుచ్చినయ్. రిపేరు చాలని రాస్తా, కానీ పనయ్యేదాకా పిల్లలకేం కాదని మీరు సంతకం పెడతారా?" అన్నాడు.

కూల్చొద్దంటూ రెండేళ్లుగా ఊరంతా తిరిగి సంతకాలు పెట్టించినదాన్ని. పెన్ను తీశాను. ఆ దూలాల కింద కూర్చునే పిల్లలు గుర్తొచ్చారు. పెట్టలేకపోయాను.

మధ్యాహ్నం వాళ్లను సైకిల్ షెడ్డులోకి మార్చాను. హెడ్మాస్టరు గారు చూసి, "అంటే మీరూ కూల్చడానికి ఒప్పుకున్నట్టేనా అమ్మా?" అని నెమ్మదిగా అడిగారు.

"లేదండీ. పిల్లల్ని మార్చా, అంతే," అన్నాను.

సాయంత్రం గదికి నేనే తాళం వేశాను. లోపల పిల్లలున్నంత కాలం బడి కూల్చాలనేవాళ్లు ఆ గది జోలికి రాలేకపోయారు. ఇప్పుడు అడ్డుగా ఎవరూ లేరు. ఆ సంగతి ఇంటికొచ్చి కూర్చున్నాక గానీ నాకు తట్టలేదు.