పోయినవాళ్ల రొట్టె

థార్న్‌సీ చిన్నమఠం, లింకన్‌షైర్
ఈస్టర్ ముందు ఉపవాసాల రెండో వారం, మంగళవారం

ఆల్డెబీ పెద్దమఠంలో కొఠారు చూసే థర్‌స్టన్ గారికి, థార్న్‌సీ మఠం పెద్ద వైమండ్ నమస్కరించి రాసే సంగతులు.

పదకొండు రోజులుగా ఒకటే వాన. తూర్పు పొలంలో నీళ్లు మోకాలి దాకా ఉన్నాయి. నిన్న కట్ట తెగితే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మట్టి మోశాం. ఇవాళ కాస్త తెరిపి ఇచ్చింది కాబట్టి గొయ్యి తవ్వాం. అడుగున నీరు ఊరుతుంటే చేదతో తోడుతూనే పెట్టె దించాం.

గొయ్యి సోదరుడు సెర్లోకి. ఆదివారం పొద్దున ప్రార్థన అయ్యాక పోయాడు. దగ్గు, జ్వరం.

మఠం కట్టించిన దొరసాని పెట్టిన నియమం మీకు తెలిసిందే. సన్యాసి ఎవరైనా పోతే ముప్పై రోజులు భోజనశాలలో అతని పీట ముందు నిండు రొట్టె, గిన్నెడు కూర, కుండెడు బీరు పెట్టి, వాటిని ఒక బీదవాడికి ఇవ్వాలి. ఆ గింజలు మీ కొఠారు నుంచి రావాలి. రెండేళ్లుగా పంట కుళ్లిపోతోంది కాబట్టి క్రిస్మస్ నుంచి మాకు సగం రొట్టే ఇస్తున్నారు. గేటు దగ్గర దానం ఆపమని ఆల్డెబీ మఠాధిపతి గారి ఆజ్ఞ కూడా అందింది. కానీ చచ్చినవాడికి సగం వాటా అని ఆ ఆజ్ఞలో ఎక్కడా లేదు.

గేటు దగ్గర ముప్పై ఒక్క మంది కూర్చుని ఉన్నారు. వెళ్లమంటే వెళ్లడానికి చోటు లేదంటున్నారు.

ఇక్కడ ముగ్గురం క్షేమం. మీరు క్షేమమని తలుస్తాను.

ఇట్లు,
వైమండ్

తా.క. సెర్లో బతికి ఉన్నప్పుడు ఎన్నడూ అంత తినలేదు.


ఆల్డెబీ పెద్దమఠం
ఉపవాసాల మూడో వారం

థార్న్‌సీ పెద్ద వైమండ్ గారికి థర్‌స్టన్ తన విచారం తెలుపుతూ రాయునది.

సెర్లో పేరు మీద గంట కొట్టించాం. ముప్పై రోజుల వాటా పడవలో వస్తోంది. రై ధాన్యం రెండు బస్తాలు, చిక్కుడు గింజలు ఒకటి, బార్లీ ఒకటి. దించుకుని ఖాళీ బస్తాలు వెనక్కి పంపండి.

'ఒక బీదవాడికి' అని నియమంలో స్పష్టంగా ఉంది. ముప్పై ఒక్క మందికి అని లేదు. ఎవరినైనా ఒకణ్ణి ఎంచుకోండి. మిగతావాళ్లను గేటు దగ్గర కూర్చోనివ్వకండి. దారినపోయేవాళ్లకు చూడ్డానికి బాగుండదు.

ఇట్లు,
థర్‌స్టన్

తా.క. వైమండ్, నీ కళ్లు ఎలా ఉన్నాయి? నాలుగేళ్లుగా నీ ఉత్తరాలన్నీ ఆ సెర్లోయే రాసిపెట్టేవాడు కదా. వాడు పోయాడని రాశావు, రాత చూస్తే వాడిదే. ఎవరు రాశారు? ఆ చెప్పుల సంగతి ఇంకా మనసులో పెట్టుకున్నావా? నలభై ఏళ్లయిందిరా.


థార్న్‌సీ
ఈస్టర్ మర్నాడు

థర్‌స్టన్ గారికి వైమండ్ నమస్కారాలు.

గింజలు అందాయి. ఒక బస్తా అడుగున తడిసింది, పొయ్యి దగ్గర ఆరబెట్టి వాడాం.

మీరు చెప్పినట్టే ఒక బీదవాణ్ణి ఎంచుకోబోయాం. గేటు దగ్గర హావిస్ అనే విధవరాలు ఉంది. ఆమె లేచి, "ఎంచుకోండయ్యా. ఆ అదృష్టవంతుడి మొహం మాకూ ఒకసారి చూపించండి. మళ్లీ చూడ్డానికి మీకు దొరకడు" అంది. ఆమె అన్న తీరు చూశాక రొట్టెలు మానేసి, గంజి కాచి తలా ఒక గరిటె పోశాం. ఒక బీదవాడి వాటాలో ఎన్ని నీళ్లు కలపాలో దొరసాని రాయలేదు.

ఇంకో కబురు. ఫల్క్ శుక్రవారం పోయాడు. నియమం ప్రకారం అతని వాటా కూడా పంపాలి.

గేటు దగ్గర ఇప్పుడు ఇరవై ఎనిమిది మంది. తగ్గిన ముగ్గురూ ఎక్కడికీ వెళ్లలేదు. గోడ పక్కనే ఉన్నారు, మేమే పూడ్చాం. వాళ్లకు మా భోజనశాలలో పీటలు లేవు కాబట్టి వాటా అడగడం లేదు.

ఇక్కడ ఇద్దరం క్షేమం.

ఇట్లు,
వైమండ్

తా.క. సెర్లో డ్రోగోకి రాత నేర్పాడు. అందుకే ఒకేలా ఉంది. చెప్పుల సంగతికి నన్ను క్షమించండి.


ఆల్డెబీ
ఏప్రిల్ నెలాఖరు

థార్న్‌సీ పెద్ద వైమండ్ గారికి థర్‌స్టన్ రాయునది.

ఫల్క్ పేరు మీద కూడా గంట కొట్టించాం. గింజలు పంపుతున్నాను. ఖాళీ బస్తాలు మూడే వచ్చాయి. నాలుగోది ఏమైంది?

నాలుగు పీటల్లో రెండు ఖాళీ అయితే ప్రార్థనలో పాట సగం గొంతుతో వినిపిస్తుందని మఠాధిపతి గారు బాధపడ్డారు. అందుకని సోదరుడు ఆన్సెల్‌ను ఈ పడవలోనే పంపుతున్నాం. ముప్పై ఏళ్లవాడు, దున్నలా ఉంటాడు. ఇతను పోడు.

మీరు మాత్రం ఒళ్లు జాగ్రత్త. సన్యాసి పోతే నేను నాలుగు బస్తాలు పంపితే చాలు. పెద్ద పోతే ఆ మఠానికి తాళం వేసి, మిగిలినవాళ్లను వెనక్కి రప్పించి, సెప్టెంబరు ఆఖరున వచ్చే మిఖాయేలు పండుగ దాకా కొత్త పెద్ద కోసం ఆగాలి. ఆ చాకిరీ అంతా నాది.

ఇట్లు,
థర్‌స్టన్

తా.క. ఆన్సెల్ తన ముద్ద తిని పక్కవాడి ముద్ద వైపు చూస్తాడు. నిజం చెప్పాలంటే అందుకే పంపుతున్నాను.

ఇంకో తా.క. నువ్వు క్షమాపణ అడగడమేమిటి? చెప్పులు నీవి, దొంగిలించింది నేను. నువ్వు చలికాలమంతా కాళ్లకు గడ్డి చుట్టుకు తిరిగావు. క్షమించాల్సినవాడివి నువ్వు. పైగా నాకు 'గారు' ఒకటి తగిలిస్తున్నావు. కోపమైతే తిట్టు, మర్యాద చెయ్యకు.


థార్న్‌సీ
మే నెల, మూడో గురువారం

థర్‌స్టన్ గారికి వైమండ్ నమస్కారాలు.

ఆన్సెల్ వచ్చాడు. మొదటి రోజు నాలుగు గిన్నెల గంజి అడిగాడు. గేటు దగ్గరికి తీసుకెళ్లి చూపించాం. రెండో రోజు నుంచి అడగలేదు. తొమ్మిదో రోజున పోయాడు.

అదే సాయంత్రం డ్రోగో కూడా పోయాడు. ఇద్దరి వాటా ఒకే పడవలో పంపితే మీకు ఒక ప్రయాణం తగ్గుతుంది.

నాలుగో బస్తాలో ఒక పసివాణ్ణి చుట్టి పూడ్చాం. అది వెనక్కి రాదు.

గేటు దగ్గర ఇరవై నాలుగు మంది.

ఇక్కడ నేను క్షేమం.

ఇట్లు,
వైమండ్

తా.క. దయచేసి ఇంకెవరినీ పంపకండి.


ఆల్డెబీ
జూన్ మొదటి వారం

థార్న్‌సీ పెద్ద వైమండ్ గారికి థర్‌స్టన్ రాయునది.

మీ ఉత్తరం సభలో చదివాం. చదవడం అయ్యాక ఎవరూ భోజనానికి లేవలేదు. మా మఠంలో ఇలా జరగడం ఇదే మొదటిసారి. థార్న్‌సీ గాలి చెడిపోయిందని మఠాధిపతి గారు తేల్చారు. ఎవరూ అటు వెళ్లకూడదని ఆజ్ఞ. పడవవాడు ఎనిమిది బస్తాలూ రేవులో పడేసి వెనక్కి చూడకుండా వచ్చేస్తాడు. బస్తాల లెక్క ఇక అడగను.

ఇక్కడ ఎవరైనా ప్రార్థనలో నిద్రపోతే "థార్న్‌సీ పంపమంటావా?" అంటే చాలు, నిటారుగా కూర్చుంటున్నాడు.

ఒక ముఖ్య విషయం. మా పాలేరు శనివారం సంతలో డ్రోగోను చూశాడట. చచ్చిన డ్రోగోనే. చిక్కుడు గింజల దగ్గర నిలబడి బేరమాడుతున్నాడట. చచ్చినవాడు సంతలో తిరిగితే ఆత్మకు శాంతి లేనట్టే. ముప్పై పూజలు చేయిస్తున్నాం. పాలేరు మూడు రోజులుగా మంచం దిగలేదు.

ఇట్లు,
థర్‌స్టన్

తా.క. దయ్యం అడిగిన ధర ఎంతని పాలేరును అడిగాను. సగానికి సగం తగ్గించి, పైన ఒక దోసెడు కొసరు కూడా వేయించుకుందట. డ్రోగోనే, సందేహం లేదు.

ఇంకో తా.క. వైమండ్, అక్కడ నువ్వు తప్ప ఎవరూ మిగల్లేదు. నీకేమో కళ్లు కనపడవు. మరి ఈ ఉత్తరం ఎవరు రాశారు?


థార్న్‌సీ
జూన్ ఆఖరి వారం, యోహాను పండుగ

థర్‌స్టన్ గారికి వైమండ్ నమస్కారాలు.

ఎనిమిది బస్తాలూ అందాయి. వాన తగ్గింది. రై వెన్ను తీసింది. కోతకు ఇంకా ఐదు వారాలు.

నా కళ్లు కొంచెం తెరిపిన పడ్డాయి. అందుకే నేనే రాసుకుంటున్నాను.

పోవడానికి ఇక్కడ ఇంకెవరూ లేరు కాబట్టి ఏ నియమం కింద అడగాలో తెలియడం లేదు. అయినా అడుగుతున్నాను. గేటు దగ్గర ఇరవై రెండు మంది.

ఇట్లు,
వైమండ్

తా.క. డ్రోగోకి చేయించే పూజలు ఆపకండి. అతనికి పనికొస్తాయి.


ఆల్డెబీ
జూలై రెండో వారం

థార్న్‌సీ పెద్ద వైమండ్ గారికి థర్‌స్టన్ సంతోషంతో రాయునది.

మీ కళ్ల సంగతి మఠాధిపతి గారికి చదివి వినిపించాను. ఆయన లేచి నిలబడి, "నలుగురు సోదరులను తీసుకుని దేవుడు ఆయనకు చూపు ఇచ్చాడు" అన్నారు. గంటలన్నీ మోగించారు. ఊరు అంటుకుందనుకుని జనం చేదలు పట్టుకుని పరుగెత్తుకొచ్చారు.

ఆగస్టు ఒకటిన, కొత్త రొట్టెల పండుగ రోజున మఠాధిపతి గారు స్వయంగా పడవ కట్టించుకుని మిమ్మల్ని చూడ్డానికి వస్తున్నారు. వెంట పదకొండు మంది గుడ్డివాళ్లు. ఇంకా పేర్లు ఇస్తున్నారు. మీ ఊరి గాలి మాట ఇప్పుడు ఎవరూ ఎత్తడం లేదు.

ఆకలికి గింజలివ్వడానికి నియమంలో చోటు లేదు. అద్భుతానికి ఉందట. మూడు బస్తాలు పంపుతున్నాను.

ఇట్లు,
థర్‌స్టన్

తా.క. నేనూ వస్తున్నాను. నీ కళ్లు పోకముందు చూసిన మొహం కాదు నాది. పళ్లన్నీ పోయాయి. చూసి నవ్వకు. చెప్పుల సంగతి ఎదురుగా నిలబడి అడుగుతాను, ఉత్తరంలో అయితే నువ్వు జవాబు చెప్పడం లేదు.


థార్న్‌సీ
జూలై ఆఖరి శుక్రవారం

థర్‌స్టన్ గారికి సెర్లో రాయునది.

ఎండ కాస్తోంది. రై కోత నిన్నటితో అయింది. మీ పడవ బయల్దేరక ముందే ఇది అందాలని పంపుతున్నాను. గుడ్డివాళ్లను తీసుకురాకండి. ఇక్కడ ఎవరికీ చూపు రాలేదు.

ఉపవాసాల్లో ఆ ఆదివారం పోయింది నేను కాదు, వైమండ్ గారు. దగ్గు, జ్వరం. క్రిస్మస్ నుంచి తన సగం రొట్టెలో సగం గేటుకు పంపేవారు. దానం ఆపమన్న ఆజ్ఞ చదివి వినిపిస్తే, "నాకు సరిగా వినపడలేదు" అన్నారు. ఆయనకు పోయింది కళ్లు, చెవులు కాదు.

ఆయన గొయ్యి దగ్గర డ్రోగో, ఫల్క్, నేను మాట్లాడుకున్నాం.

"పెద్ద పోయాడని రాస్తే తాళం పడుతుంది. సన్యాసి పోయాడని రాస్తే గింజలొస్తాయి. ఎవరు పోయారని రాస్తావు?" అన్నాడు డ్రోగో.

"రాసేది నేను కాబట్టి నేనే పోతాను" అన్నాను.

ఫల్క్ చాలాసేపు ఏడ్చి, "అయితే రెండోవాణ్ణి నేను" అన్నాడు.

ఆన్సెల్‌కు ఎవరూ ఏమీ చెప్పలేదు. గేటు దాకా వెళ్లి వచ్చి తనే, "నేనెప్పుడు చావాలి?" అని అడిగాడు. "వారమైనా బతుకు, లేకపోతే బాగుండదు" అన్నాడు డ్రోగో. హావిస్‌కు మొదటి నుంచీ తెలుసు. గింజలు అడుగంటినప్పుడల్లా వచ్చి, "ఇంకెవరైనా సిద్ధంగా ఉన్నారా అయ్యా, కుండ కడుగుతాను" అనేది.

మీరు పంపిన గింజలతో పంతొమ్మిది మంది మిగిలారు. పన్నెండు మంది మిగల్లేదు.

మీ తాజా కలాలు ఆయనకు రాసినవి. చదివింది నేను. చేసినవాటిలో అదే నాకు ఎక్కువ తప్పుగా తోస్తోంది. చెప్పుల సంగతి ఆయన నాతో ఎప్పుడూ అనలేదు. మిమ్మల్ని క్షమించారో లేదో నాకు తెలియదు. మీ గురించి చెప్పేటప్పుడు "మా థర్‌స్టన్" అనేవారు. అంతకుమించి ఏం రాసినా మళ్లీ అబద్ధం అవుతుంది.

ఆయన ఉత్తరపు గోడ పక్కన ఉన్నారు. కొయ్య సిలువ మీద నా పేరు ఉంటుంది. మార్పించండి.

ఇట్లు,
సెర్లో

తా.క. గేటు దగ్గర ఉన్నవాళ్లలో పద్దెనిమిది మంది సోమవారం పక్క ఊళ్లకు కోతపనికి వెళ్లిపోయారు. హావిస్ మంగళవారం వెళ్లింది. ఫల్క్, ఆన్సెల్ బుధవారం పొద్దున కాలినడకన మీ దగ్గరికి బయల్దేరారు. డ్రోగో నిన్న మధ్యాహ్నం దక్షిణం వైపు వెళ్లాడు. ఎక్కడికో చెప్పలేదు. నేను ఇవాళ, గేటు మూసి, తొమ్మిది గంటల ప్రార్థన తర్వాత వెళ్తున్నాను.