వెనక్కి నడిచిన ఆసనం

కాటమ్మక్కకు,

నువ్వు ఫోన్ ఎత్తడం లేదని ఈ కాగితం మా మనవరాలు నవ్యతో మన పెన్‌పహాడ్‌కు పంపుతున్నాను. వరినాట్ల నడుమ నీకు చెప్పకుండా సూర్యాపేటలో బిడ్డ ఇంటికి వచ్చేశాను, తప్పే. డాక్టరమ్మ "మోకాళ్లు అరిగినయ్, ఇగ బురదల దిగుడు ఖతం. మెల్లగ యోగా నేర్సుకో" అంది. ఆ మాట నీ ముందు నోట రాలేదు.

నిన్ననే యోగాకు మొదటిసారి పోయాను. "వంగి, అందినంత వరకు నేలను ముట్టండి" అన్నాడు సారు. అందరి చేతులూ మోకాళ్ల దగ్గరే ఆగాయి. నా అరచేతులు నేలకు ఆనాయి. సారు మెచ్చుకున్నాడు కూడా. అక్కడ ఆగితే బాగుండు! వంగిన ఒంటికి ఇంకేం తెలుసు? నాటు వేస్తున్నట్టే అడుగులో అడుగు వెనక్కి పోయి, వెనక చాప మీది బ్యాంకు మేడమ్‌కు తగిలాను. తల ఎత్తకుండానే "జర జరుగు కాటమ్మక్కా" అన్నాను.

అందరూ నవ్వారు. నాకు మాత్రం కళ్లు నిండాయి.

వచ్చేటప్పుడు సారుకు చెప్పాను: "నా కుడిపక్క చాప ఎవ్వరికియ్యకు సారూ, మా అక్క వస్తది."

నాట్లు అయ్యాక ఒక్కసారి రా. అంతవరకు ఫోనన్నా ఎత్తు.

నాటు వరుసలో నీ ఎడమపక్క చెల్లె