మూడు సిలిండర్లా, నాలుగా?

కిర్యూ, ఏప్రిల్

ప్రియమైన చినామికి,

పెళ్ళి చేసుకుంటానన్న కబురు ఉత్తరం చివర్లో, చలికోటు సంగతి రాశాక, అంత చిన్న అక్షరాల్లో రాస్తారటే? మీ అమ్మ చదివి వినిపించేదాకా నేను చూడనేలేదు.

ఆ నొబోరు కూడా మీ కార్ల కంపెనీలోనే అన్నావు. ఏం పనో రాయలేదు. నాకు అర్థమైందిలే. మీవాళ్ళు తేబోతున్న చిన్న రెండు సీట్ల స్పోర్ట్స్ కారు, ఆ కూపే ఉందే, దాని ఇంజను మనిషి అయ్యుంటాడు. అందుకే ఈ గుట్టు. మంచిదే. ఇన్నేళ్ళుగా షెడ్డు నడుపుతున్న మెకానిక్కుని, ఇంజను తెలియనివాడికి పిల్లనివ్వను. ముందే చెప్తున్నా.

పత్రికలో ఆ బండి ఊహాచిత్రం వేశారు. బానెట్టు అంత కిందికి ఉందంటే లోపల చోటు తక్కువే. ఊరి స్నానశాలలో కలిసే టోఫూ కొట్టు అకుత్సు మూడు సిలిండర్ల టర్బో అని ఒకటే వాదన. ఛీ, మూడు సిలిండర్లంటే కుట్టుమిషను! బట్టలు నేసే ఊరు మనది, కుట్టుమిషన్లకేం కొదవ? నాలుగు సిలిండర్లు, టర్బో గిర్బో ఏమీ లేకుండా. అదీ నా మాట. బ్యాటరీతో తిరిగే మోటారు గనక తగిలించారో, ఇక నేను షెడ్డులో కూర్చుని దుమ్ము దులుపుకోవాల్సిందే.

కుర్రాణ్ణి తీసుకురా. నోరెలా విప్పించాలో నాకు తెలుసు.

నీ నాన్న,
తొకుజీ

నగోయా, మే

ప్రియమైన నాన్నకి,

వచ్చే నెల ఇద్దరం వస్తున్నాం. ఒక్క మాట. ఆ కూపే గురించి ఇంట్లోవాళ్ళతో కూడా మాట్లాడకూడదని ఇక్కడ అందరి దగ్గరా సంతకాలు తీసుకున్నారు. నొబోరుని అడిగి లాభం లేదు. నిజంగానే లాభం లేదు, నాన్నా.

అన్నట్టు, మూడు సిలిండర్లని అంత తీసిపారెయ్యకు. ఇంజను పొట్టిగా ఉంటే కాస్త వెనక్కి జరిపి పెట్టొచ్చు. ముక్కు బరువు తగ్గుతుంది. మన అకగి కొండ మలుపుల్లో బండి చెప్పినట్టు వింటుంది. ఎక్కడో చదివానులే.

నొబోరు భయపడుతున్నాడు. నాకూ భయంగానే ఉంది. అతనంటే నాకు చాలా ఇష్టం. నువ్వు కాదంటే నేను తట్టుకోలేను. కొంచెం మెత్తగా మాట్లాడవూ?

నీ చినామి

కిర్యూ, జూన్

ప్రియమైన చినామికి,

కుర్రాడు వజ్రం!

నువ్వు అమ్మతో వంటింట్లో ఉన్నప్పుడు మొదలుపెట్టాను. "మూడా, నాలుగా?" అన్నాను. "తెలియదండీ" అన్నాడు. "పోనీ, టర్బో ఉందా?" అన్నాను. "టర్బో అంటే ఏంటండీ?" అన్నాడు! మొహంలో ఒక్క గీత కదల్లేదు. ఇంజను మనిషి అయ్యుండి ఆ మాట అనాలంటే ఎంత గుండె ధైర్యం కావాలి!

సాకే పోస్తే నోరు జారతాడనుకున్నా. రెండు గుక్కలు తాగి చాలన్నాడు. ఊడాన్ నూడుల్స్ మాత్రం గిన్నెలకు గిన్నెలు ఖాళీ చేసి, "తొందరగా పడుకోవాలండీ" అని లేచాడు. తెల్లవారుజామునే చప్పుడు కాకుండా బయటికి పోయాడు. తిరిగొచ్చేసరికి ఒళ్ళంతా చెమట. నా కంటబడకుండా ఏ కొండ చాటునుంచో కంపెనీకి ఫోను చేసి వచ్చాడన్నమాట. అకుత్సుకు చెప్తే తెరిచిన నోరు మూయలేదు.

కంపెనీ గుట్టు ఇంతలా కాచేవాడు పెళ్ళాం మాట కాయడా? నాకు ఇష్టమే, చేసుకోండి. ఈ ముక్క చెప్పగానే మీ అమ్మ ఏప్రాను నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పరిగెత్తింది. ఆనందం పట్టలేక అనుకుంటా.

నీ నాన్న,
తొకుజీ

టోక్యో, నవంబరు

ప్రియమైన నాన్నకి,

ఇన్ని నెలలు ఉత్తరం రాయనందుకు తిట్టుకుంటూ ఉంటావు. రాస్తే చెప్పేస్తానేమోనని భయం. ఇవాళ ఇక్కడ కార్ల ప్రదర్శనలో మా కూపే మీద తెర తీశారు. ఇక చెప్పొచ్చు.

మూడు సిలిండర్లు. టర్బో ఉంది. బ్యాటరీ మోటారు లేదు.

నొబోరుకు టర్బో అంటే నిజంగానే తెలియదు. అతను మా కంపెనీ పరుగు జట్టులో ఉన్నాడు. కొత్త సంవత్సరం రోజు కంపెనీల రిలే పరుగంటూ ఊళ్ళో రోడ్డు మూసేశారని ఏటా తిట్టుకుంటావే, ఆ రోడ్డు మీద పరిగెత్తేవాళ్ళలో ఒకడు. ఆ తెల్లవారుజామున చేసిందీ అదే.

ఇంజను మా బృందానిది. దాని పైభాగం, ఆ సిలిండరు హెడ్డు, నేను గీసిందే, నాన్నా. ఆఫీసులో పని అన్నాను. ఏం పనని నువ్వు అడగలేదు. ఊడాన్ ఉడికేలోపు అతన్ని అన్నిసార్లు అడిగావు, నన్ను ఒక్కసారీ అడగలేదు. నవ్వుకున్నాను గానీ కొంచెం కోపం కూడా వచ్చింది. నువ్వు కుట్టుమిషను అన్న రోజు ఏడ్చాను కూడా. ఆ పంతంతోనే దాని వణుకు ఇంకాస్త తగ్గించాను.

ఇంజను తెలియనివాడికి పిల్లనివ్వనన్నావు. ఇప్పుడు మాట మారుస్తావా? జవాబు తొందరగా రాయి. మా ఇద్దరికీ నిద్ర లేదు.

నీ చినామి

కిర్యూ, నవంబరు

నా ప్రియమైన చినామికి,

ఉత్తరం అందగానే షెడ్డు మూసేసి టోక్యో రైలెక్కాను. నువ్వు అప్పటికే నగోయా వెళ్ళిపోయావట. జనాన్ని తోసుకుని ముందుకు పోయాను. బానెట్టు ఎత్తి చూపిస్తున్న అమ్మాయి "ఇంజన్లంటే ఇష్టమాండీ?" అంది. "ఇది మా అమ్మాయి చేసింది" అన్నాను. పక్కనున్నవాడికీ చెప్పాను. వాడి పక్కవాడికీ చెప్పాను. ఆఖరికి కాపలా మనిషి వచ్చి, "తాతగారూ, వెనకవాళ్ళని కూడా చూడనివ్వండి" అని నన్ను పక్కకి జరిపాడు. జరిగి, వాడికి కూడా చెప్పాను.

మీ అమ్మకి నొబోరు సంగతి మొదట్నుంచీ తెలుసట. ఏటా టీవీలో ఆ పరుగు చూస్తుంది కదా, కుర్రాడు గుమ్మంలోకి రాగానే గుర్తుపట్టిందట. ఇంట్లో తెలివితక్కువవాణ్ణి నేనొక్కణ్ణే.

ఇప్పుడు నిన్నే అడుగుతున్నాను. టర్బోని హెడ్డుకి అంత దగ్గరగా పెట్టావు, వేడికి ఏం చేశావు? మూడు సిలిండర్ల వణుకు ఎలా చంపావు? ఆయిలు ఎక్కణ్ణుంచి తిప్పావు? ఇంకా చాలా ఉన్నాయి, చోటు చాలదు. అడగాల్సినప్పుడు అడగలేదు. నన్ను క్షమించు తల్లీ.

పెళ్ళి మాటంటావా, ఇంజను తెలిసినవాళ్ళు ఇంటికి ఒకరు చాలు. చేసుకోండి అన్న మాట మార్చను. మాట్లాడుకోవడానికి ఆ బండిలోనే రండి. దానికి రెండే సీట్లు కదా. నువ్వు నడుపు, పక్కన నేను కూర్చుంటాను, అకగి కొండ ఎక్కి వద్దాం. అల్లుణ్ణి వెనకాలే పరిగెత్తుకుంటూ రమ్మను.

గుమ్మం దగ్గరే కాచుకుని ఉన్న
నీ నాన్న