రేచల్ పెళ్లి కబురు నా ఫోనుకు పంపవద్దని

శ్రీ సంజయ్ కుమార్ గారికి,
ఒకే లాగిన్ సేవల అధికారి,
ఫ్యాక్టరీ టౌన్‌షిప్, కోరాపుట్ జిల్లా.

అయ్యా,

విషయం: ఇంటిల్లిపాదికీ ఒకే లాగిన్ ఉండి, దానికి నా ఒక్కడి ఫోను నంబరే ఉండుటవలన కలుగుచున్న ఇబ్బంది గురించి.

స్టోర్స్ గుమాస్తా ఏసుపాదం వ్రాసుకొను విన్నపము. తెలుగులో వ్రాయుటకు కారణం, తమ ఆఫీసులో తమరు తప్ప దీనిని మరొకరు చదవలేరు. ఆన్‌లైనులో పెట్టనిది కూడా అందుకే.

1. మా అమ్మాయి రేచల్ టౌన్‌షిప్ ఆసుపత్రిలో నర్సు. సోమవారం లాగిన్ అయి, కమ్యూనిటీ హాలు ఖాళీయేనా అని విచారించినది. జవాబు, దానికి తెలియకుండానే, నా ఫోనుకు వచ్చినది: "రేచల్, విష్ణువర్ధన్‌ల వివాహమునకు హాలు ఖాళీ కలదు. శుభాకాంక్షలు." సదరు విష్ణువర్ధన్ ఎవరో నేనెరుగను. మా చర్చివాడు కాడని మాత్రం పేరే చెప్పుచున్నది.

2. హాలు సంగతి క్యాంటీనుకు ఎవరు చెప్పిరో! "బిర్యానీ ఎందరికి?" అని వారు, "జంటకు క్వార్టరు కావలెనా?" అని ఎస్టేటు విభాగము. ఆసుపత్రివారు ఏకంగా ప్రసూతి పథకము వివరములు పంపినారు. ఓరి దేవుడా, నాకింకా అల్లుడే రాలేదండి!

3. నాకు కోపం లేదు. అబ్బాయి ఎవరైనా, నా కూతురికి నచ్చితే చాలు. కానీ ఈ కబురు అది నా పక్కన కూకుని సెప్పాలండి. దాని టెంత్ రిజల్టు కూడా అది సెప్పేదాకా నేను చూడలేదు. ఎలా సెప్పాలో తెలీక పిల్ల గుమ్మం దగ్గర తచ్చాడుతోంది. నేను పేపరు అడ్డం పెట్టుకుని కూకుంటున్నాను. మా ఆవిడ ప్రేమలీల "ఏటి, మీలో మీరే నవ్వుకుంటన్నారు?" అని నిలదీస్తోంది. కడుపు ఉబ్బిపోతోందండి.

4. నంబరు మార్చుటకు రేచల్ స్వయముగా కౌంటరుకు రావలెనట. వస్తే నాకు ముందే తెలిసిపోయిందని దానికి తెలిసిపోతుంది. కావున టౌన్‌షిప్‌లో వయసు వచ్చిన పిల్లలందరికీ ఎవరి నంబరు వారికే అని తమరే ఒక సర్క్యులరు తీయవలెను. నా పేరు ఎక్కడా రాకూడదు.

పై సంగతులు చిత్తగించి, క్యాంటీను వారు మళ్లీ అడగకముందే దయచూడవలెను.

తమ విధేయుడు,
ఏసుపాదం

తా.క.: కవరుకు జిగురు రాస్తూండగా రేచల్ వచ్చి "నాన్నా, నీకో మాట సెప్పాల" అంది. "ఏటమ్మీ?" అన్నాను, ఏటీ తెలీనట్టే. "ఒక అబ్బాయి ఉన్నాడు" అంది. "ఎవులమ్మీ?" అన్నాను. పేరు సెప్పబోయి సిగ్గుపడి, నా భుజం మీద మొహం పెట్టుకుని నవ్వేసింది. అర్జీ వెనక్కి తీసుకోను. ఆ నవ్వు మీ మెసేజీలో రాలేదండి.