ధ్యేయం రాసిన గోడ

పాతపాళ్య, శుక్రవారం

చిక్కబళ్ళాపురలోని కొనెమనె ఆరోగ్య సేవా ట్రస్టు ఆఫీసరు గారికి, పాతపాళ్య లక్ష్మణప్ప భార్య జయలక్ష్మమ్మ నమస్కారం చేసి రాసేది ఏమంటే,

నేను చింతామణిలో మా చెల్లెలింటికి పోయి వచ్చేసరికి మా ఇంటి ప్రహరీ గోడ నీలం రంగైపోయింది. దాని మీద తెల్లక్షరాలతో మీ ట్రస్టు పేరు రాశారు. దాని కింద "మా ధ్యేయం: చివరి ఇంటికీ ఆరోగ్యం" అని, దాని కింద "మా విలువలు: కరుణ, గౌరవం, జవాబుదారీతనం" అని, అన్నిటికీ కింద "ప్రతి గురువారం వైద్య వ్యాన్ మీ ఊరికి" అని రాసి పోయారు. రాసింది కన్నడలో. నేను బడిలో చదివిందీ కన్నడమే కాబట్టి, కొనెమనె అంటే చివరి ఇల్లని సహా, అంతా అర్థమైంది. జవాబు మాత్రం తెలుగులో రాస్తున్నాను, ఎందుకంటే నాకు కోపం తెలుగులోనే సరిగ్గా వస్తుంది.

ఎవరిని అడిగి రాశారంటే మా ఆయన్ని అడిగారట. ఆయన ఎవరేమడిగినా తల ఊపుతాడు. పెళ్లిచూపుల్లోనూ అంతే.

మా ఊళ్లో ఒక పద్ధతి ఉంది. గోడ మీద ఏం రాసి ఉంటే అది ఆ ఇంటివాళ్ల మాట. మా మామ ఇదే గోడ మీద "ఇక్కడ తేలు మందు ఇవ్వబడును" అని రాయించాడు. ఆయన పోయాక కూడా ఆ అక్షరాలు చెరిగేదాకా తేలు కుట్టినవాళ్లు నా దగ్గరికే వచ్చారు. నేనే మందు నూరి ఇచ్చాను. ఇప్పుడు మీ రాతకూ నేనే జవాబు చెప్పుకోవాలి. నిన్న గురువారం పొద్దున్నే ఊరంతా వచ్చి మా జగలి అరుగు మీద కూర్చుంది. వ్యాన్ రాలేదు. అందరికీ కాఫీ ఇచ్చి పంపాను.

వాళ్లలో పుట్టమ్మ ఉంది. మా వీధిలో చివరి ఇల్లు ఆమెది. డైరీలో పాలు పోసే వరుస దగ్గర తగవు పడి ఆమె, నేను మాట్లాడుకోవడం మానేశాం. అలాంటి మనిషి కుంటుకుంటూ వచ్చి, నా మొహం చూడకుండా గోడకు చెప్పింది. "గోడమ్మా, నీ మింద రాసిండాది కదా. వ్యాను ఎప్పుడొస్తాదో నువ్వే చెప్పు" అంది.

ఆమెకు షుగరు. కాలి బొటనవేలికి పుండు. వారం వారం కట్టు మార్పించుకోకపోతే వేలు తియ్యాల్సి వస్తుందని బాగేపల్లి డాక్టరు చెప్పాడు. కాబట్టి వస్తే రండి. రాకపోతే మీ రాత మీరే వచ్చి గీకి పొండి.

ఇట్లు,
గోడ సొంతదారు జయలక్ష్మమ్మ

తా.క. ఫోన్ ఎందుకు చెయ్యలేదని అడుగుతారేమో. నంబరు గోడ అడుగున రాశారు. అక్కడ మా ఎనుము ఒళ్లు రుద్దుకుంటుంది. రంగు ఆరకముందే రుద్దుకుంది కాబట్టి సగం నంబరు దాని డొక్క మీద ఉంది.


చిక్కబళ్ళాపుర, సోమవారం

గౌరవనీయులైన జయలక్ష్మమ్మ గారికి, కార్యక్రమ అధికారి నందీశ్ నమస్కారాలు.

మీ అమూల్యమైన స్పందన అందింది. గోడ రాత ద్వారా మా ధ్యేయం ప్రజల్లోకి ఇంత లోతుగా వెళ్లడం జిల్లాలో ఇదే మొదటిసారి. మీ ఉత్తరాన్ని ఈ రోజు సమావేశంలో చదివాను. "ఊరంతా వచ్చి జగలి మీద కూర్చుంది" అన్న చోట మా డైరెక్టరు గారు చప్పట్లు కొట్టారు. ఆ సంతోషంలో తర్వాతి వాక్యం చదవడానికి వీలు కాలేదు.

మిమ్మల్ని పాతపాళ్య గ్రామ స్వయంసేవకురాలిగా నియమించాం. టోపీ, బ్యాడ్జీ ఈ ఉత్తరంతో పాటు పంపుతున్నాను. ఇక వ్యాన్ విషయం. అది ప్రతి గురువారం మెయిన్ రోడ్డు మీది మీ ఊరి క్రాస్ దాకా వస్తూనే ఉంది. మా లెక్కలో క్రాస్ కూడా మీ ఊరే.

సదా మీ సేవలో,
నందీశ్

తా.క. గోడ మీద "గౌరవం" అన్న మాటపై ఎవరో పిడకలు తట్టిన ఫొటో ఆఫీసుకు చేరింది. స్వయంసేవకురాలిగా ఆ వ్యక్తిని కనుక్కుని మందలించగలరు.


పాతపాళ్య, శుక్రవారం

నందీశప్పకు జయలక్ష్మమ్మ రాసేది,

ఆ వ్యక్తిని కనుక్కున్నాను. అద్దం ముందు నిలబెట్టి మందలించాను కూడా. ఆమె ఎదురు తిరిగింది. ఇంటికంతా పొద్దున ఎండ పడేది ఆ ఒక్క గోడకేనట, పిడకలు అక్కడ కాక ఇంకెక్కడ తట్టాలి అంటుంది. అయినా "కరుణ"ను ముట్టుకోలేదు, చూసుకోండి. "జవాబుదారీతనం" మీద కూడా తట్టేదే, కానీ అంత పొడుగు మాటకు పేడ చాలలేదు.

టోపీని శెనక్కాయ చేలో బెదురుబొమ్మకు పెట్టాను. పిట్టలు ఇప్పుడు మీ వ్యాన్ లాగే దూరం నుంచి చూసి వెళ్లిపోతున్నాయి.

క్రాస్ మా ఊరు కాదప్పా. అక్కడ ఉండేది ఒక బస్ షెల్టరు, ఒక కుక్క. చివరి ఇల్లు సంగతి దేవుడెరుగు, అక్కడ మొదటి ఇల్లు కూడా లేదు. నిన్న పుట్టమ్మ ఆ పుండు కాలితో క్రాస్ దాకా నడిచింది. ఆమె చేరేసరికి వ్యాన్ వెళ్లిపోయింది. కట్టంతా రక్తం చేసుకుని తిరిగొచ్చి, మళ్లీ గోడకే చెప్పింది. "గోడమ్మా, నువ్వు అబద్దం చెప్పినావు" అంది.

నా గోడను ఇంతవరకూ ఎవరూ ఆ మాట అనలేదు. ముందు ఏడుపొచ్చింది, తర్వాత కోపమొచ్చింది. ఈ ఉత్తరం ఆ రెండోదాంతో రాస్తున్నాను. వ్యాన్ ఊళ్లోకి ఎందుకు రాదో కారణం రాయండి. ధ్యేయం, విలువలు వద్దు, కారణం చాలు.

ఇట్లు,
మీరు అడక్కుండానే నియమించిన జయలక్ష్మమ్మ

తా.క. బ్యాడ్జీకి మాత్రం థ్యాంక్స్. దాని పిన్ను గట్టిది. పిన్ను నేను ఉంచుకుని మీ ట్రస్టు బొమ్మ వెనక్కి పంపుతున్నాను.


చిక్కబళ్ళాపుర, సోమవారం

గౌరవనీయులైన జయలక్ష్మమ్మ గారికి,

మీకో శుభవార్త. మీ గోడను మా ఆదర్శ గోడగా ఎంపిక చేశారు. వచ్చే వారం గురువారం బెంగళూరు నుంచి దాతలు దాన్ని చూడడానికి వస్తున్నారు. ఎండకూ వానకూ చెక్కుచెదరని రంగుతో మళ్లీ రాయిస్తాం. మీరు ఎండ గురించి రాసిన మాటను అలాగే అర్థం చేసుకున్నాం.

కారణం అడిగారు. నేను మీ ఊరికి రాలేదు, గోడను కూడా ఫొటోలోనే చూశాను. అందుకని వ్యాన్ డ్రైవరు బయ్యప్పను పిలిచి అడిగాను. "వీధి మొదట్లోనే యెవరిదో గోడ మూల రోడ్డు మిందికి వచ్చిండాది సార్. ఆటో దూరతాది, వ్యాను దూరదు. ఆ ఇంటామెకు చెప్పేదానికి పంచాయతీ వాళ్లే భయపడతాండారు" అన్నాడు.

కాబట్టి స్వయంసేవకురాలిగా ఆ గోడ యజమానురాలిని కలిసి, ప్రజల మేలు కోరి దాన్ని తీయించవలసిందిగా ఒప్పించండి.

సదా మీ సేవలో,
నందీశ్

తా.క. ఆమె మొండి మనిషి అని విన్నాను. మన విలువల్లో రెండోది గుర్తుంచుకుని మాట్లాడండి.


పాతపాళ్య, బుధవారం

నందీశప్పకు జయలక్ష్మమ్మ రాసేది,

మీ ఉత్తరం చదివి బయటికెళ్లి వీధి మొదట్లో చాలాసేపు నిలబడ్డాను. ఆ గోడామె నాకు బాగా తెలుసు. నేను తిన్న కంచంలోనే తింటుంది. మొండి మనిషి అన్న మాట నిజమే. పంచాయతీ వాళ్లు గోడ కొలవడానికి వస్తే రోకలి పట్టుకుని వాకిట్లో నిలబడింది. ఎద్దులబండ్ల కాలంలో కట్టిన గోడ అది, బండికి అడ్డం రానిది మీ కొత్త బండ్లకు అడ్డమొస్తే తప్పు ఎవరిదని అడిగింది. ఈ రోజుకీ అదే అడుగుతోంది.

రాత్రంతా ఆమెతో వాదించాను. ఆమెకు మీ ధ్యేయం మీద నమ్మకం లేదు. గోడ పోయాక వ్యాన్ రాకపోతే గోడా పోయి, మాటా పోయి, పుట్టమ్మ వేలూ పోతుందంటుంది. అందుకని ఒక షరతు పెట్టింది. గోడ తీసిన వారం నుంచి ప్రతి గురువారం వ్యాన్ పుట్టమ్మ వాకిట్లో ఆగుతుందని కాగితం మీద రాసి, సీలు వేసి, మీ డైరెక్టరు సంతకంతో పంపాలి.

ఇట్లు,
ఇద్దరి మధ్య నలిగిపోతున్న జయలక్ష్మమ్మ

తా.క. ఆమెను గౌరవంగానే మాట్లాడించాను. ఆమే నన్ను తిట్టింది.


చిక్కబళ్ళాపుర, శనివారం

గౌరవనీయులైన జయలక్ష్మమ్మ గారికి,

మీరు అసాధ్యమైన పని చేశారు. కోరిన కాగితం సీలుతో, సంతకంతో జతచేశాను. ఆ ఇంటామెకు మా తరఫున కృతజ్ఞతలు చెప్పండి.

గురువారం దాతలూ డైరెక్టరు గారూ వస్తారు, వెనకే వ్యాన్ వస్తుంది. ఆదర్శ గోడ ముందు నిలబడి ఫొటో దిగాలని డైరెక్టరు గారు కొత్త చొక్కా కుట్టించుకున్నారు. నేను ఆఫీసులో నివేదిక రాస్తూ ఉంటాను కాబట్టి అక్కడి విషయాలు మీరే చూసుకోవాలి.

సదా మీ సేవలో,
నందీశ్

తా.క. దయచేసి ఆ రోజు పిడకలు వద్దు. ఇది ఆఫీసు మాట కాదు, నా సొంత మాట. మాది సాదలి ఊరు. మా అమ్మ కూడా అచ్చం మీలాగే రాస్తుంది, అందుకే మీ కవరు చూస్తే భయమేస్తుంది.


పాతపాళ్య, గురువారం సాయంత్రం

నందీశప్పకు జయలక్ష్మమ్మ రాసేది,

ఈ ఉత్తరం బయ్యప్ప చేతికిచ్చి పంపుతున్నాను. వ్యాన్ పుట్టమ్మ వాకిట్లో ఉంది. నర్సు కట్టు మార్చింది. పుండు మానుతుందట, వేలికి భయం లేదట. ఈ మాట ముందుగా రాస్తున్నాను, మిగతాది చదివాక మీకు ఇది గుర్తుండదేమోనని.

నిన్న మా అన్న కొడుకు నాగరాజ్ జె.సి.బి. తెచ్చి గోడ పడగొట్టాడు. మా ఆయన్ని అడిగాను, తల ఊపాడు. మీ వ్యాన్‌కు అడ్డమొచ్చిన గోడ, మీరు ధ్యేయం రాసిన గోడ ఒకటేనప్పా. ఫొటో తీసినవాడు ముందు వైపు నిలబడి తీశాడు కాబట్టి మూల మీకు కనపడలేదు. చివరి ఇంటికి పోతాం అని, చివరి ఇంటికి దారి మూసిన గోడ మీదే రాశారు మీరు. దాన్ని దారికి అడ్డంగా ఇన్నాళ్లూ ఉంచింది నేనే అయినా, ఊరికి రాకుండా రాసింది మీరు.

పొద్దున దాతలు కార్లు దిగి చుట్టూ చూశారు. మీ డైరెక్టరు కొత్త చొక్కాతో అటూ ఇటూ తిరిగి, "ఆ గోడ యాడుండాదమ్మా?" అని నన్నే అడిగాడు.

"మీరు దాని మిందే నిలబడుండారు సామీ" అన్నాను.

వీధిలో గుంతలు ఉంటే వ్యాన్ దిగబడుతుందని ఆ గోడ రాళ్లే పరిపించాను. ఆయన పాదాల కింద "గౌరవం" ఉంది. ఆయన ఎగిరి పక్కకు దూకాడు, అక్కడ "కరుణ" ఉంది. బెంగళూరు నుంచి వచ్చిన పెద్దామె మాత్రం నవ్వి, పుట్టమ్మకు కట్టు కడుతుండగా వ్యాన్‌ను ఫొటో తీసుకుంది. డైరెక్టరు కొత్త చొక్కా దులుపుకుని కారెక్కాడు. మీ నివేదికలో ఏం రాస్తారో నాకు తెలియదు.

"ప్రతి గురువారం" అన్న రాయి మాత్రం పగలకుండా దొరికింది. దాన్ని మా గడప పక్కన నిలబెట్టాను. మీ సీలు వేసిన కాగితం వానకు తడుస్తుంది, ఈ రాయి తడవదు. ఏ గురువారమైనా వ్యాన్ రాకపోతే ఆ రాయి ఎత్తుకుని చిక్కబళ్ళాపుర బస్సెక్కి మీ ఆఫీసు గుమ్మంలో దింపుతాను. బరువైనదే, కానీ నాగరాజ్ ఉన్నాడు.

ఇట్లు,
గోడ లేని జయలక్ష్మమ్మ

తా.క. గోడ పోయింది కాబట్టి పుట్టమ్మకు నాతో మాట్లాడక తప్పలేదు. కట్టు కట్టించుకుని, కుంటుకుంటూ వచ్చి, ఎదురుగా నిలబడి అడిగింది. "పిడకలు ఇంక యాడ తడతావు? మా గోడకు పొద్దునెండ బాగా పడతాది, రా" అంది. సగం గోడ నాకిచ్చింది. కాబట్టి రంగు డబ్బాలు పట్టుకుని అటు రావద్దని మీవాళ్లకు చెప్పండి. చివరి ఇంటి గోడ మీద ఖాళీ లేదు.