నాకు చెవుడు లేదు మేడమ్

నర్సింగ్ కాలేజీ ప్రిన్సిపాల్ మేడమ్ గారికి, మీ పిల్లలు పని నేర్చుకునే దవాఖానాలో కాలి పుండుతో చేరిన కారేపల్లి రైతు నమస్కరించి రాయునది.

మీ పిల్లలు మంచివాళ్ళే. కానీ తల నెరిసిన ప్రతివాడికీ చెవుడనుకుంటారు. మొదటిరోజే సౌజన్య అనే అమ్మాయి నా చెవి దగ్గర నోరు పెట్టి, "తాతా! బువ్వ తిన్నవా?" అని అరిచింది. ఒళ్ళు మండి జవాబు చెప్పలేదు. అంతే, నాకు పూర్తి చెవుడని అందరికీ చెప్పేసింది. నేనూ పంతానికి పోయి మూడు రోజులు పలకలేదు.

నిన్న ఆ పిల్ల భయంభయంగా నాకు సూది వేసి, పక్కనున్న స్నేహితురాలితో మెల్లగా, "తాతకు నొప్పైందేమోనే, పాపం" అన్నది. నాకు జాలేసింది.

"లేదు బిడ్డా, మంచిగనే వేసినవ్" అన్నాను.

"సిస్టర్! జల్ది రాండ్రి! సూదితోని తాతకు చెవులొచ్చినయ్!" అంటూ ఆ పిల్ల వార్డంతా పరుగెత్తింది.

ఇవాళ ఇంటికి పంపాల్సిన నన్ను చెవి పరీక్షలని ఆపేశారు. నాకసలు చెవుడే లేదని నిజం చెబితే, "సంబురంల గట్లనే అంటవ్ తాతా" అని సౌజన్య నవ్వుతోంది. దయచేసి మీరొచ్చి చెప్పండి. ఆ పిల్లను మాత్రం తిట్టకండి. ఇప్పుడు నా పక్కన కూర్చుని చక్కగా మాట్లాడుతోంది.

కాస్త తొందరగా రండి. ఈ సందడంతా చూసి పక్క మంచం హరిలాల్ తనకూ అదే సూది వేయమని చొక్కా చెయ్యి మడిచి కూర్చున్నాడు. అది మామూలు సూదేనని ఎంత చెప్పినా లాభం లేదు. ఆయనకు నిజంగానే చెవుడు.

ఇట్లు,
కిటికీ పక్క మంచం రోగి