నీ తల వెనక నేను చూసింది

ఒరేయ్ చిన్నోడా,

ముందు ఆశీస్సులు రాయాలి. రాయను. ఒళ్లు మండిపోతోంది. ఫోన్ చేస్తే ఎత్తవు కాబట్టి ఈ కాగితం మీ సూపర్‌వైజర్ గారి జేబులో పెట్టి పంపుతున్నాను. ఆయన గడ్డానికి సబ్బు రాసి కూర్చోబెట్టి మరీ రాస్తున్నాను. "ఆరిపోతోందమ్మా" అంటున్నారు. ఆరనీ.

నిన్న మధ్యాహ్నం షాపు నిండా జనం ఉండగా ఎవరో అమ్మాయి ఫోన్ చేసింది. "కంగ్రాట్స్ మేడమ్! శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి మీ తమ్ముడుగారికి హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్. దగ్గరి బంధువుగా మీ పేరిచ్చారు, వచ్చి సంతకం పెట్టాలి" అంది. అప్పుడు నా చేతిలో కత్తెర ఉంది, కత్తెర పక్కన పోస్టుమాస్టర్ గారి చెవి ఉంది. ఆ చెవి ఇంకా ఉందంటే ఆయన అదృష్టం.

"చేసే డాక్టరు ఎవరమ్మా?" అన్నాను.

"మా టీమంతా ఎక్స్‌పర్ట్‌లే మేడమ్."

"టీము కాదు తల్లీ. డాక్టరు ఎవరు?"

"ముప్పై శాతం డిస్కౌంట్ ఇచ్చాం మేడమ్. ఈ వారంతో అయిపోతుంది."

డాక్టరు పేరు అడిగితే డిస్కౌంట్ చెప్పింది. ఇలాంటి చోట నువ్వు తల తాకట్టు పెట్టి వచ్చావు. పాత బండి కొనేటప్పుడు మూడు వారాలు తిరిగావు, ఇంజను విప్పించి చూశావు, అమ్మేవాడి పక్కింటాయన్ని కూడా అడిగావు. తల దగ్గరికి వచ్చేసరికి ఆ బుద్ధంతా ఏ గంగలో కలిసింది?

నాన్న పోయినప్పుడు నీకు తొమ్మిదేళ్లు. అప్పటి నుంచి పద్దెనిమిదేళ్లుగా ఆయన షాపు నడుపుతున్నాను. మనిషిని ముందు నుంచి అందరూ చూస్తారు, వెనక నుంచి రోజంతా చూసేది నేను. ఆ వైద్యంలో ముందు నాటే వెంట్రుకలు వెనక నుంచి తీసినవే. బాగా చేసినవాళ్లది నేను దువ్వెన పెట్టి వెతికినా దొరకదు. చెడగొట్టినవాళ్ల తల వెనక పురుగు కొట్టిన ఉన్ని కోటులా ఉంటుంది. ఫోటోల్లో ఎవరూ వెనక చూపించరు. నువ్వూ అడిగి ఉండవు.

అసలు ఎందుకు రాలుతోందో చర్మం డాక్టరుకి చూపించావా? రక్తం పరీక్ష చేయించావా? ఇంకా ఎంత రాలుతుందో తెలియకుండా ముందు నాటించేస్తే, రేపు మధ్యలోవి పోయి నాటినవి మాత్రం గట్టు మీద గడ్డిలా మిగులుతాయి. వెనక ఉన్న వెంట్రుకలు ఒక్కసారి తీస్తే మళ్లీ రావు. కోసేది డాక్టరా, నిన్న చేరిన కుర్రాళ్లా? రోజుకి ఎన్ని తలలు చేస్తారు? ఏడాది క్రితం చేయించుకున్నవాణ్ని ఫోటోలో కాకుండా ఎదురుగా చూపిస్తారా? ఇవేమీ అడగకుండా, కనీసం నన్నూ అడగకుండా వెళ్లావు. ఊళ్లో జనమంతా తలలు తెచ్చి నా చేతిలో పెడతారు, సొంత తమ్ముడు మాత్రం దొంగచాటుగా పోతాడు.

నేను సంతకం పెట్టను. ఏం చేసుకుంటావో చేసుకో.

మండిపడుతూ,
నీ అక్క

---

అక్కకి,

సూపర్‌వైజర్ గారు నీ ఉత్తరం తెచ్చి ఇచ్చారు. ఒక బుగ్గ మీద సబ్బు ఇంకా అలాగే ఉంది.

ఎవర్నీ అడగలేదన్నావు. అడిగాను. నీ అద్దాన్ని అడిగాను.

పోయినేడు ఒక ఏజెంటు వచ్చి నీ షాపులో గోడంత కొత్త అద్దం ఉచితంగా బిగించి వెళ్లాడు. దాని కింద ఎర్రక్షరాలతో ఉన్నది ఏ క్లినిక్ పేరో లేచి వెళ్లి చదువు. నేను కుర్చీలో కూర్చుంటే సరిగ్గా నా మెడ దగ్గరికి వాళ్ల ఫోన్ నంబరు వస్తుంది. ఏడాది పాటు ప్రతి నెలా చదివాను. ఉచితంగా ఇచ్చిన షాంపూని వాసన చూసి వెనక్కి పంపిన మనిషివి నువ్వు. బ్లేడు మొదటి గీత నీ చేతి మీదే గీసి చూసుకునే మనిషివి. అలాంటి నీ గోడ మీద ఒక పేరు ఉందంటే అన్నీ విచారించే పెట్టావనుకున్నాను. అందుకే ఇంకెక్కడా తిరగలేదు. బండి కొన్నప్పుడు నీ షాపులో బండి బొమ్మ లేదు, అందుకే మూడు వారాలు తిరిగాను.

ఇక దొంగచాటు సంగతి. ముందు దాచింది ఎవరు? వెనక నుంచి చూసేది నువ్వేనన్నావుగా, మరి నాది ఎప్పుడు చూశావు? రెండేళ్లుగా నా పాపిడి ఎడమ నుంచి కుడికి మార్చావు, తర్వాత అసలు పాపిడే లేకుండా చేశావు, పైన పొడుగ్గా వదిలి పక్కలు తగ్గించావు. నేను స్టైలనుకున్నాను. కుర్చీ పక్కన ఉండే చేతి అద్దంతో అందరికీ వెనక చూపిస్తావు. నాకు చూపించడం మానేశావు. ప్రతి నెలా నీ కుర్చీలో కూర్చున్నా అసలు సంగతి చెప్పలేదు. "దుమ్ములో తిరక్కురా" అనేదానివి, అంతే.

నా పని లిఫ్టు గోతిలో దిగి రిపేరు చేయడం. పైన నిలబడ్డవాళ్లకి కనిపించేది నా నడినెత్తే. మొన్న ఒకావిడ పై నుంచి "అంకుల్, ఇంకా ఎంతసేపు?" అంది. ఆవిడకి నలభై దాటి ఉంటాయి. నేను తల ఎత్తాక నాలుక కరుచుకుంది. ఆ సాయంత్రం రెండు అద్దాలు పెట్టుకుని మొదటిసారి నా నడినెత్తి చూసుకున్నాను. అరచేయంత ఖాళీ. అది ఒక్కరోజులో వచ్చింది కాదు. నీకు తెలుసు. ముక్కూ మొహం తెలియనివాళ్లకి కూడా ఉన్నదున్నట్టు చెప్పే నువ్వు, నన్ను మాత్రం పిచ్చివాణ్ని చేశావు.

శుక్రవారం వెళ్తాను. నీ సంతకం లేకపోతే సూపర్‌వైజర్ గారు పెడతారు.

తమ్ముడు

---

చిన్నోడా,

నీ ఉత్తరం చదివి నీ మీద ఇంకో గంట కోప్పడ్డాను. తర్వాత కోపానికి వేరే చోటు దొరికింది.

లేచి వెళ్లి అద్దం కింద చదివాను. రోజూ తుడిచే అక్షరాలే. అద్దం పెద్దదని, వెలుతురు బాగా వస్తుందని మురిసిపోయాను తప్ప, ఆ పేరు గలవాళ్లు ఎవరో ఒక్కరోజు కూడా విచారించలేదు. మొన్న ఫోన్‌లో ఆ అమ్మాయి క్లినిక్ పేరు చెప్పినా నాకు వెలగలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. వెంటనే షాపు మూసి ఆ క్లినిక్‌కి వెళ్లాను.

పాలరాతి నేల, చల్లటి గది, సోఫాలు. కోటు వేసుకున్న కుర్రాడొకడు వచ్చి, నేను ఎందుకొచ్చానో అడక్కుండా నా నుదురు వైపు చూసి "మీకు రెండు వేల గ్రాఫ్టులు నాటితే సరిపోతుంది మేడమ్" అన్నాడు. నా జుట్టు చూశావుగా, దువ్వెనలు విరుగుతాయి! "బాబూ, నువ్వు డాక్టరువా?" అన్నాను. "కౌన్సిలర్‌ని" అన్నాడు. "శుక్రవారం మా తమ్ముడి తల ఎవరు కోస్తారు?" అన్నాను. "కాఫీ తాగుతారా మేడమ్?" అన్నాడు. ఆ రోజు ఎంతమందికి చేస్తారని గట్టిగా అడిగితే తొమ్మిదిమంది అన్నాడు. డాక్టరు ఒక్కడే, అతనూ గీతలు గీసి వెళ్లిపోతాడట. ఏడాది కిందటి మనిషిని చూపించమంటే ఆల్బమ్ తెచ్చాడు. నా గొంతు రోడ్డు మీదికి వినిపించి ఉంటుంది. సోఫాల్లో ఉన్న ఇద్దరు లేచి నాతో పాటే బయటికి వచ్చారు.

తిరిగొచ్చి ఆ ఎర్రక్షరాలు బ్లేడుతో గీకేశాను. ఇంతకాలం ఆ నంబరు నా కుర్చీలో కూర్చుని ఎంతమంది రాసుకున్నారో నాకు తెలియదు. వచ్చినవాళ్లందరికీ చెబుతున్నాను, నేను విచారించకుండా పెట్టానని. పోస్టుమాస్టర్ గారు మొహం మీదే తిట్టారు. పడ్డాను.

రెండో సంగతి రాయడానికి చెయ్యి రావడం లేదు. అవును, చూశాను. మూడేళ్ల క్రితమే, నీకంటే ముందు. నీకు గుర్తుండదు, నాన్నకి నలభైకే జుట్టంతా పోయింది. ఒకడు షాపులోకి వచ్చి, "తన తలే కాపాడుకోలేనివాడు మన తలేం చేస్తాడు" అని నలుగురినీ నవ్వించి వెళ్లాడు. ఆ తర్వాత నాన్న టోపీ లేకుండా గుమ్మం దాటలేదు, మాతో కూడా నవ్వడం తగ్గించారు. నీ నడినెత్తి మొదటిసారి పలచగా కనిపించినప్పుడు నా చెయ్యి ఆగిపోయింది. బట్టతల అన్న మాట వీడు నా నోటి నుంచి వినకూడదు అనుకున్నాను. కత్తెరతో కప్పాను. ప్రేమే అనుకున్నాను. అది ప్రేమ కాదు, పిరికితనం. నేను మూడేళ్ల ముందు చెప్పి ఉంటే డాక్టరుకి చూపించుకునేవాడివి, కొంతైనా ఆగేది. ఆ మూడేళ్లూ నేనే తినేశాను.

ఇప్పుడు చెబుతున్నాను, విను. నడినెత్తిన అరచేయంత పోయింది. ముందు నుదుటి దగ్గర రెండు వేళ్ల మేర వెనక్కి జరిగింది, కుడివైపు ఎక్కువ. ఇంకా పోతుంది. వెనక మాత్రం దట్టంగా ఉంది, ఆ ఒక్క ఆస్తిని తొందరపడి ఎవడి చేతిలోనూ పెట్టకు. ఇదే నీ తల. నాటించుకో, వదిలెయ్, నీ ఇష్టం. ఎవరి దగ్గర చేయించుకున్నా వాళ్లని ముందు నేను చూడనవసరం లేదు, నువ్వు చూడు. నువ్వు చూసి ఒప్పుకున్నచోట నేను సంతకం పెడతాను.

క్షమించమని అడగను. నాకే నా మీద కోపం తగ్గలేదు.

నీ అక్క

---

అక్కా,

శుక్రవారం వెళ్లలేదు. కట్టిన అడ్వాన్సు తిరిగి ఇచ్చేది లేదంటున్నారు, పోనీ.

చర్మం డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. మందులు రాసింది. ఏడాది వాడి, రాలడం ఆగాక ఇంకా కావాలనిపిస్తే నాటించే సంగతి ఆలోచించమంది. నాటించే క్లినిక్‌ల పేర్లు మూడు తీసుకున్నాను. మొదటిచోట డాక్టరే స్వయంగా కూర్చుని నా తల చూశాడు, "నీకు ఇప్పుడే వద్దు" అని పంపేశాడు. వద్దన్నవాడు నాకు నచ్చాడు.

నాకు కోపం పోలేదు. చాలా ఉంది. నాన్న టోపీ సంగతి కూడా ఇన్నేళ్లు దాచావు, దాని కోపం వేరే. అయినా ఆదివారం వస్తాను. జుట్టు పెరిగి చెవుల మీద పడుతోంది, వేరే ఎవరి కుర్చీలోనూ నాకు కూర్చోవడం రాదు. కానీ ఈసారి మౌనంగా కత్తిరించకు. నీకు ఏం కనిపిస్తే అది పైకి చెబుతూ కత్తిరించు. షాపులో జనం ఉన్నా సరే.

నీ చిన్నోడు